కుడికాలికి మాలిష్

అది 1958 ఎండాకాలం. భువనగిరిలో ఐలేశం ఇంట్లో మధ్యాహ్నం పూట మగ్గం చప్పుడు తప్ప వేరే అలికిడి ఉండేది కాదు. ముందు గదిలో భార్య యాదమ్మ నేస్తుండేది. వెనక గదిలో నులక మంచం మీద ఐలేశం కుడికాలు చాపుకుని పడుకునేవాడు. సిలోన్ కొండల్లో జరిగిన సైకిల్ పందెంలో పడి తొడ ఎముక విరిగింది. అక్కడి దవాఖానలో నెలల తరబడి ఉండి, ఓడలో, రైల్లో ఇల్లు చేరాడు. ఈ కాలు ఇక సైకిల్ తొక్కదని డాక్టర్లు తేల్చేశారు.

చూడ్డానికి వచ్చినవాళ్లు, "పరాయి దేశంల మన పేరు నిలబెట్టినవ్" అనేవారు. ఐలేశం గోడవైపు తిరిగేవాడు.

ఆ పందేనికి మన దిక్కునుంచి ఇద్దరు వెళ్లారు. రెండోవాడు జడ్చర్ల అమరేందర్. రోజూ తొక్కడం అయ్యాక ఒకరి కాళ్లకొకరు మాలిష్ చేసుకునేవారు. చివరి రోజు వానలో కొండ దిగుతుండగా, మలుపులో అమరేందర్ జారి లోయ అంచున పడ్డాడు. చెట్టు వేళ్లు పట్టుకుని వేలాడుతూ, "ఐలేశం... జర ఆగు!" అని అరిచాడు.

ఐలేశం విన్నాడు. చూశాడు. పందెంలో అతని ముందు ఇద్దరే ఉన్నారు. ఆగలేదు.

కాస్త దూరం పోయాక తానూ పడ్డాడు. పందెం వాళ్లు వచ్చి మీవాడు ఎక్కడని అడిగితే తెలియదన్నాడు. మర్నాడు లోయలో శవం దొరికింది.

కాలికట్టు విప్పిన రోజు మధ్యాహ్నం ఐలేశానికి కునుకు పట్టింది. పిక్క మీద ఎవరో ఆముదం రాస్తున్నారు. బొటనవేళ్లతో కిందినుంచి పైకి, నెమ్మదిగా...

"గంత గట్టిగ వద్దే" అన్నాడు.

ముందు గదిలో మగ్గం ఆడుతూనే ఉంది.

కళ్లు తెరిచాడు. ఎవరూ లేరు. పిక్క నూనెతో మెరుస్తోంది. బయట మండే ఎండ. గదిలో మాత్రం వానకు తడిసిన తేయాకు వాసన.

అప్పటినుంచి రోజూ అంతే. కళ్లు మూస్తే చాలు, ఆ చల్లని చేతులు వచ్చేవి. కాలికి బలం వచ్చింది. ఐలేశం లేచి నడిచాడు. యాదమ్మ సంతోషంతో ఏడ్చింది. అతనికి మాత్రం ముద్ద దిగలేదు. పీక పిసికినా ఓర్చుకునేవాడేమో. ఇంత ప్రేమగా మాలిష్ చేస్తుంటే ఎట్లా ఓర్చుకోవాలి?

"అమరేందర్... ఇడిసిపెట్టు. నేను ఆగలే గద..." అని ఒకనాడు గొణిగాడు.

చేతులు ఆగాయి. మోకాలి మీద చల్లని ఊపిరి తగిలింది.

"జరంతే... అయిపోవచ్చింది."

ఆ సాయంత్రమే అంతా యాదమ్మకు చెప్పేశాడు. ఆమె మగ్గం ఆపి లేచింది. "వాళ్లమ్మకు చెప్పాలె నువ్వు. పోదాం నడువ్" అంది.

మర్నాడు జడ్చర్లలో బస్సు దిగి వాళ్లింటికి వెళ్లేసరికి పొద్దు గూకుతోంది. అమరేందర్ తల్లి నర్సింగమ్మ వాకిట్లో దీపం వెలిగిస్తోంది. ఐలేశం నిలబడే చెప్పాడు. ఒక్క మాట కూడా దాచలేదు.

"నిన్ను పిలిచిండా?" అంది ఆమె.

"పిలిచిండమ్మా."

"ఇనబడ్డదా?"

"...ఇనబడ్డది."

ఐలేశం అరుగు మీద కూలబడ్డాడు. ధోతి మోకాలి పైకి జరిగింది. నర్సింగమ్మ దీపం దగ్గరికి తెచ్చింది. కుడి మోకాలి కింద, నెలవంకలాంటి పాత మచ్చ మీద ఆమె వేలు ఆగింది.

"గీ మచ్చ నీకెక్కడిది?"

ఐలేశం వంగి చూశాడు. తన ఒంటి మీద అట్లాంటి మచ్చ ఎన్నడూ లేదు.

యాదమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. "గది... పొద్దుగాల లేకుండె..."

"చిన్నగున్నప్పుడు మావోనికి గీడనే కొడవలి కోసుకున్నది" అంది నర్సింగమ్మ. "నేనే పసుపు పెట్టి కట్టిన." ఐలేశం ముఖం వైపు ఆమె చూడలేదు. మచ్చనే నిమురుతూ, మెల్లగా పిలిచింది. "బిడ్డా..."

ఐలేశం కాలు వెనక్కి లాక్కోబోయాడు.

రాలేదు.

అది తనంతట తానే, మెల్లగా... ఆమె ఒళ్లోకి జరిగింది.