ఎలుకలు కొరికిన టార్గెట్

రాజక్క సొరకాయలో బాణం దిగిన రోజు శివనగర్ గల్లీ అంతా నవ్వింది, రాజక్క తప్ప.

"ఓ దీనమ్మా! ఇయ్యాల నా సొరకాయకు దిగింది. రేపు నా నెత్తికి దిగితే ఎవలు దిక్కు?" అంటూ బాణంతో సహా కాయను తెచ్చి దడి మీంచి చూపించింది పక్కింటి రాజక్క.

తప్పు దీనమ్మదే. కాలేజీలో ఆ ఏడే ఆర్చరీ మొదలైంది. యూనివర్సిటీ సెలెక్షన్లు దగ్గర పడ్డాయి. ములుగు వెదురుతో చేసిన విల్లు ఉంది, బాణాలున్నాయి, పెరట్లో ప్రాక్టీసుకు టార్గెట్ ఒక్కటే లేదు. సంచిలో ఊక నింపి దడికి కట్టింది మహాతల్లి. బాణం ఊకను లెక్కచేయకుండా దడి దాటి పోయింది.

"స్టేషన్ రోడ్డు మీద గోనెసంచుల దుకాణం లేదా? మన చర్చి పోరడే, ఇస్సాకు. వాణ్ణి అడుగు బిడ్డా," అన్నాడు నాన్న దానియేలు. రైల్వేలో పాయింట్స్‌మన్ ఆయన. తల్లి లేని పిల్ల అని దీనమ్మ విల్లు పట్టినా, వీణ పట్టినా అడ్డు చెప్పడు.

విషయం వినగానే ఇస్సాకుకు నవ్వు ఆగలేదు.

"ఊక నింపినవా? ఊకల బాణం ఆగుతదా?"

"నవ్వుడు బంద్ జేసి, ఏం నింపాల్నో చెప్పు."

"నింపుడు కాదు. చుట్టాలె."

వరిగడ్డిని తడిపి తాడులా పేనాడు. కుండ కింద పెట్టే చుట్టకుదురులా నడిమి నుంచి చుట్టుకుంటూ పోయాడు. సంచులు కుట్టే పెద్ద దబ్బనంతో చుట్టుచుట్టుకూ సుతిలి దారం బిగించి ముడి వేశాడు. పైన గోనెగుడ్డ తొడిగి ఎర్రమట్టి జాజుతో, పసుపుతో గుండ్రాలు గీశాడు. దీనమ్మ సంచుల కట్ట మీద కూర్చుని ఆ చేతుల్నే చూసింది.

గల్లీలో ప్రతి దుకాణంవాణ్ణీ 'అన్నా' అని నోరారా పిలిచే పిల్లకు ఆ పూట ఆ మాట రానే లేదు. ఎందుకు రాలేదో ఇంటికొచ్చాక తెలిసింది. గబగబా వెళ్ళి ముఖం కడుక్కుంది.

చిక్కల్లా అక్కడే వచ్చింది. ఇస్సాకు కుట్టింది చెడిపోతేనా! పొద్దునా సాయంత్రం కొట్టినా ఒక్క పోగు కదల్లేదు. చర్చిలో చూద్దామంటే ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. పాటల పుస్తకం మీంచి దొంగచూపులే తప్ప మాటా మంతీ ఎక్కడిది? దుకాణానికి పోవాలంటే టార్గెట్ పాడవాలి. అది పాడవదు. రోజులు గడిచేకొద్దీ దీనమ్మకు అన్నం సయించకుండా పోయింది.

ఇంతలో దేవుడు వాన పంపాడు. దీనమ్మ టార్గెట్‌ను వానకు వదిలేసి తాను కిటికీలో కూర్చుంది. గడ్డి కుళ్ళి కంపు కొట్టగానే దాన్ని నెత్తిన పెట్టుకుని, దుకాణం దారిలో అండర్ బ్రిడ్జి కింద మోకాళ్ళ లోతు నీళ్ళలో నవ్వుకుంటూ నడిచి వెళ్ళింది.

ఇస్సాకు కొత్తది చేసి, యూరియా సంచితో దానికి గొడుగులాంటి తొడుగు కూడా కుట్టాడు.

"ఇగ వానకు ఫికర్ లేదు. ఏడాది దనుక నువ్వు రావుడే అవసరం లేదు," అన్నాడు ఎంతో మేలు చేసినవాడిలా.

ఏడాదట! దీనమ్మకు దారి పొడుగునా కళ్ళు మసకలే. వాన చినుకులని సర్దిచెప్పుకుంది.

వారం తిరక్కుండా సుతిలి ముడులు గోళ్ళతో ఒక్కొక్కటే విప్పి, గడ్డి పీకి, మళ్ళీ మోసుకెళ్ళింది. ఇస్సాకు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమైంది దీనికి?"

"ఎలుకలు."

"ఎలుకలా?"

"మా ఇంట్ల మస్తున్నయి."

ఆమె వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. "అయితే వేపాకు పెట్టి కుడత. దగ్గరికి రావు."

పెట్టాడు కూడా, పుణ్యాత్ముడు! చుట్టుచుట్టుకూ వేపాకే.

ఆ వారంలోనే డోర్నకల్ సంబంధం వచ్చిపడింది. పిల్లవాడు రైల్వేలో గార్డు. ఆదివారం ఆరాధన అయ్యాక చూడ్డానికి వస్తామని కబురు. దీనమ్మ ఈసారి ఒట్టి చేతులతోనే దుకాణానికి పరుగెత్తింది.

"టార్గెట్ మంచిగనే ఉన్నదా?" అన్నాడు ఇస్సాకు.

"ఉన్నది. ఆదివారం డోర్నకల్ నుంచి నన్ను చూడనీకి వస్తాండ్రు."

దబ్బనం వేలిలో దిగింది. ఇస్సాకు రక్తం వైపు చూడనైనా చూడలేదు.

"మంచి నౌకరేనా?"

"గార్డు."

"మంచిదే మరి. మాదేమున్నది, గోనెసంచులు."

పెరడు ఆ చివర నుంచి పసుపు గుండ్రాన్ని కొట్టే పిల్ల, ఎదురుగా కూర్చున్నవాడికి ఒక్క మాట చెప్పలేకపోయింది.

"నువ్వు అన్నీ గట్టిగ కుడతవు," అంది చివరికి. "జర ఒక్కటన్న వదులుగ కుట్టరాదు?"

అనేసి వానలోకి దిగింది. వెనక నుంచి పిలుస్తాడని అండర్ బ్రిడ్జి దాకా మెల్లగా నడిచింది. పిలవలేదు.

ఆ తర్వాత ప్రతి సైకిల్ బెల్లుకూ వాకిట్లోకి వచ్చింది. పాలవాడు, పోస్ట్‌మన్, ఎవరెవరో. శనివారం సాయంత్రం ఆశ వదులుకుని కూర్చున్నాక వచ్చాడు ఇస్సాకు, సైకిల్ వెనక టార్గెట్ కట్టుకుని.

"ఏందిరా గిట్లొచ్చినవు?" అన్నాడు దానియేలు, చాయ్ గ్లాసు చేతిలోనే ఉంది.

"టార్గెట్ తెచ్చిన సార్."

"ఉన్నది గదరా!"

ఇస్సాకు నేరుగా పెరట్లోకి వెళ్ళి దాన్ని దడికి కట్టాడు. "కొట్టు," అన్నాడు దీనమ్మ ముఖం చూడకుండానే.

పెళ్ళిచూపులకు కానుక తెచ్చాడా ఈ పెద్దమనిషి? దీనమ్మకు మండిపోయింది. విల్లెత్తి, నారి చెంప దాకా లాగి వదిలింది. బాణం పసుపు నడుమ తగిలింది. తగలగానే గోనెగుడ్డ ఊడింది, కుట్లు ఊడాయి, గడ్డి అంతా చుట్టలు చుట్టలుగా జారి నేల మీద కుప్ప పడింది.

"ఏందిరా ఇది! నీ చేతి కుట్టు గిట్లుంటదా?" అన్నాడు వెనకే వచ్చిన దానియేలు.

"కావాల్ననే వదులుగ కుట్టిన."

"ఎందుకురా?"

"రోజూ వచ్చి కుట్టిపోదామని," ఇస్సాకు వంగి ఊడిన గోనెగుడ్డ తీశాడు, "మామా."

ఇప్పటిదాకా సార్ అన్నవాడు మామా అనేసరికి దానియేలు చేతిలో చాయ్ ఒలికింది. దడి అవతల నుంచి రాజక్క తల లేచింది.

"ఓ దానియేలన్నా! దడవతలున్న నాకే సమజైంది. నీకింక గాలేదా?"

దానియేలు కూతురి వైపు తిరిగాడు. "నీకిష్టమేనా బిడ్డా?"

దీనమ్మ తలూపింది. కన్నీళ్ళు టపటపా విల్లు మీద పడ్డాయి.

"మరి ఇన్నొద్దులు ఇద్దరూ నోట్లె ఏం పెట్టుకున్నర్రా?" కండువా భుజాన వేసుకున్నాడు దానియేలు. "పాపం, వాళ్ళు రైలెక్కకముందే నేను డోర్నకల్ పోయి చేతులు పట్టుకోని చెప్పొస్త. రేపు మీ అమ్మను తోలుకోని రా."

ఆయన వెళ్ళాక ఇద్దరూ గడ్డి ఏరడానికి కూర్చున్నారు. సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఎవరూ లేవలేదు.

"నీకెప్పుడు తెల్సింది?" అంది దీనమ్మ.

"ఎలుకలన్నవు సూడు, అప్పుడే. పుట్టినకాడి నుంచి దుకాణంల ఎలుకలనే చూస్తాన. అవి కొరుకుతయి గని ముడి విప్పయి."

"మరి వేపాకెందుకు పెట్టినవు, పాపాత్ముడా?"

"నా కోసమని నమ్మబుద్ధి కాలె."

దీనమ్మ గడ్డిని వేళ్ళతో కెలికి చూసింది. "దీంట్ల ఒక్క వేపాకు లేదేంది?"

"ఎలుకలు రావాలె గద," అన్నాడు ఇస్సాకు.