మననపీఠం మీద కోదండం

అంగారకుడి మీద ఏ ప్రాజెక్టు మేనేజరూ మననపీఠం ఎక్కకుండా ఇంటికి పోడు. పని ముగిశాక ఆ కుర్చీలో కూర్చుంటే చాలు, తలకు తాకే సన్నని సెన్సర్లు అతని జ్ఞాపకాలను చదివి, ఆనాటి పనిని కళ్లముందు మళ్లీ నడిపిస్తాయి. ఎక్కడ తప్పావు, ఎందుకు తప్పావు, రేపేం చేస్తావు అని పీఠం అడుగుతుంది. మొదటి గాలిగుమ్మటం కూలినప్పుడు మేనేజర్లు తప్పును ఒకరి మీదికొకరు నెట్టుకున్నారు. అందుకే దీన్ని కనిపెట్టారు. తన తప్పును ఎంత లోతుగా చూసుకుంటే పీఠం అంత పెద్ద పదవి ఇస్తుంది.

కోదండం తవ్విస్తున్న సొరంగంలో తప్పులు లేవు. అదే అతనికి తంటా అయింది.

"మననానికి ఏమీ దొరకలేదు. ఎదుగుదల లేదు." రోజూ పీఠానిది ఇదే పాట.

అతని కింద పనిచేసిన వసుధ లిఫ్టు కూల్చి, కుర్చీలో కుమిలి కుమిలి ఏడ్చి, అతనికే పైఅధికారి అయింది. ఇప్పుడు ప్రధాన గుమ్మటం పదవి ఖాళీ అయింది. ఆ మాట విన్నప్పటి నుంచి కోదండానికి అన్నం సహించడం లేదు.

ఆ వారమే మేస్త్రీ ఓబులేసు వచ్చాడు. "సారూ, సొరంగం తలుపు రబ్బరు నెర్రెలిచ్చింది. గాలి పోతాండాది. పని నిలిపేద్దామా?"

కోదండం పీఠం వైపు ఒకసారి చూశాడు.

"రేపు జూద్దాంలేప్పా."

"నీకేం సారూ, ఆఫీసులో కూర్చుంటావు. లోపల ఉండేది మేము."

"ఇంత పిరికోనివి, ఇంటికాడ్నే ఉండాల్సింది."

"మా ఆడమనిషి గూడా అదే అనె." నవ్వుకుంటూ ఓబులేసు లోపలికి పోయాడు.

సాయంత్రానికి తలుపు ఊడిపోయింది. ఓబులేసు శవాన్ని బయటికి తెచ్చారు.

కోదండం పీఠం ఎక్కాడు. కూడగట్టుకొచ్చిన మాటలు పక్కన పెట్టాడు.

"ఇది పొరపాటు కాదు. తెలిసే వదిలేసినా. ఈ కుర్చీలో చెప్పుకునేదానికి నాకొక తప్పు కావాల్సొచ్చె. నన్ను జైల్లో పెట్టించు."

"ఇక్కడ చెప్పింది ఏ కోర్టుకూ పోదు. పోతే ఎవరూ నిజం చెప్పరు. ఇంత లోతుగా ఇంతవరకు ఎవరూ తమను చూసుకోలేదు. ప్రధాన గుమ్మటం పదవి నీదే," అంది పీఠం.

"మనిషిని చంపితినని చెప్తాండా."

"విన్నాను. అది చూసుకున్నందుకే ఇస్తున్నాను."

కోదండం మొహం చేతుల్లో దాచుకొని ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు, కడుపులోంచి వచ్చిందే. తర్వాత చొక్కా అంచుతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఎప్పుడు చేరమంటావు?" అని అడిగాడు.