కందిరీగల పెట్టెలో ఆఖరి సిమ్

"రేపు పన్నెండింటికి బొగ్గు ఆపేస్తున్నారు," అన్నాడు పెద్దాయన. "ఊరు మొత్తం ఎండ మీద నడుస్తుంది. మంత్రిగారు లివర్ లాగుతారు."

"లివర్ దేనికి కనెక్షన్ సార్?"

"దేనికీ లేదు. కెమెరాల కోసం పెట్టారు. అసలు పని కంట్రోల్ రూమ్‌లో ఇంజినీరు మౌస్‌తో చేస్తాడు."

డిపార్ట్‌మెంట్‌లో లివర్ సంగతి అడిగిన ఈ గూఢచారిని నత్త అంటారు. నడక చూసి పెట్టిన పేరు కాదు, పట్టుకుంటే వదలడని. పెద్దాయన గది తలుపు మూసుకుపోకుండా గ్రీన్ ఎనర్జీ ఫైళ్లు అడ్డం పెట్టి ఉన్నాయి. వాటికి అంతకుమించి పని తగిలినట్టు లేదు.

"శత్రువు?"

"బొగ్గు క్లబ్. నాలుగు దేశాల ఓడల వ్యాపారులు. రేపు కెమెరాల ముందు కరెంటు పోవాలి. ఎండ కరెంటు బతుకింతే అని జనం అనాలి. మర్నాడే ఇంకో పాతికేళ్లకి బొగ్గు కాంట్రాక్టు."

"జనం అంటారా సార్?"

"ఇప్పటికే అంటున్నారు. కరెంటు పోవడం ఒక్కటే మిగిలింది."

ఇక మిగిలింది బ్రీఫింగ్. సోలార్ ఫీల్డులో ఎండ కరెంటుని ఊరికి పనికొచ్చేలా మార్చే ప్రతి ఇన్వర్టర్ పెట్టెలో ఒక సిమ్ కార్డు ఉంటుంది. అమ్మిన కంపెనీ విదేశంలో కూర్చుని రిపేర్లు చూసుకోవడానికి పెట్టింది. ఆ సిమ్‌కి స్టాప్ అని మెసేజ్ పంపితే ఇన్వర్టర్ ఆగిపోతుంది. అన్నీ ఒక్కసారి ఆగితే గ్రిడ్ కుప్పకూలుతుంది. నత్త మెకానిక్ వేషంలో వెళ్లి సిమ్‌లు పీకాలి. క్లబ్‌లో డిపార్ట్‌మెంట్ మనిషి ఒకామె ఉంది. అందరూ మేడమ్ అంటారు. మ్యాప్ ఆమె ఇస్తుంది.

"ఇన్నాళ్లూ ఎందుకు పీకలేదు సార్?"

"పీకడానికి టెండరు పిలవాలి."

సిగ్నళ్లు ఆపే జామర్ కూడా ఇచ్చారు. చార్జర్ ఇవ్వలేదు.

మెట్ల మీద ఉండగా బావ ఫోన్ చేశాడు. అక్కకి గుండె ఆపరేషన్ మర్నాడు పదకొండింటికి.

"మధ్యలో గుండె ఆపేసి మిషన్ మీద పెడతారటరా."

"ఆస్పత్రిలో జనరేటర్ ఉందా బావా?"

"నిక్షేపంలా ఉంది. డీజిలే లేదు. ఎవడో అమ్ముకుతిన్నాడు. నీకెందుకురా కంగారు?"

"రేపట్నుంచి ఎండ కరెంటు కదా."

"అవన్నీ ఫొటోలకిరా పిచ్చోడా! లోపల బొగ్గు మండుతూనే ఉంటుంది. నేను చెప్తున్నా, రాసిపెట్టుకో."

మర్నాడు సోలార్ ఫీల్డు గేటు దగ్గర మేడమ్ కంటే ముందు ఆమె సెంటు వచ్చింది. నల్లద్దాలు, ఎత్తు మడమల చెప్పులు. డిపార్ట్‌మెంట్‌కీ, క్లబ్బుకీ కూడా ఆమే సస్టెయినబిలిటీ కన్సల్టెంటు.

"మబ్బులొస్తాయంటారా?" అంది. అది కోడ్.

"గొడుగు తేలేదండీ," అన్నాడు నత్త.

మ్యాప్ చేతిలో పెట్టింది.

"బ్యాటరీ యార్డు ఇందులో లేదే?"

"అక్కడ సిమ్ లేదు. అటు పోయి టైమ్ వేస్ట్ చేసుకోకండి."

మొదటి పెట్టె విప్పాడు. సిమ్ లేదు. రెండోది విప్పాడు. లేదు. అరడజను పెట్టెలు అదే వరస. ఏడో పెట్టె వెనక నీడలో సైట్ సూపర్‌వైజరు చొక్కా విప్పుకుని ఫోన్‌లో సినిమా చూస్తున్నాడు. నత్త చేతిలో స్క్రూడ్రైవర్, ఎదురుగా తలుపు తీసిన పెట్టె చూసి లేచి నిలబడ్డాడు.

"విజిలెన్సా సార్?"

"అవును."

"బుద్ధి గడ్డితింది సార్. అన్‌లిమిటెడ్ డేటా ఊరికే పోతోంది కదాని..."

"ఎన్ని తీశారు?"

"అన్నీ సార్. కుర్రాళ్లకి తలొకటి, ఇళ్లలో ఆడవాళ్లకి తలొకటి. మా అత్తగారికి కూడా ఒకటి ఇచ్చాం సార్, సీరియళ్లకి."

"ఎవరూ అడగలేదా?"

"అడగడానికి ఎవరైనా వస్తే కదా సార్."

నాలుగు దేశాల క్లబ్బు ఏడాదిగా వేసిన పథకాన్ని వీళ్లు అత్తగారి సీరియళ్ల కోసం గంగలో కలిపారు. డిపార్ట్‌మెంట్ చేసిన పని కంటే ఇదే ఎక్కువ.

"బ్యాటరీ యార్డులో కూడా తీశారా?"

"ఉంది గానీ తియ్యలేదు సార్. పెట్టెలో కందిరీగలు గూడు కట్టాయి. మేం దొంగలమే గానీ వెర్రివాళ్లం కాదు."

"ఆ ఒక్కటీ ఆగితే?"

"బొగ్గు లేనప్పుడు తూకం నిలబెట్టేది బ్యాటరీయే సార్. అదాగితే అన్నీ పోతాయి."

సిమ్ లేదని మేడమ్ చెప్పింది అక్కడే. నత్త పరిగెత్తాడు. సూపర్‌వైజరు వెనకే వచ్చాడు.

పెట్టెకి అడ్డంగా మేడమ్ నిలబడి ఉంది. హ్యాండ్‌బ్యాగులోంచి పిస్తోలు తీసింది. సూపర్‌వైజరు ప్యానెల్ చాటుకి తప్పుకున్నాడు. ఫీల్డు అవతల వేదిక మీంచి మైకులో మంత్రి భూమాత గురించి మాట్లాడుతున్నాడు. ఆయన వెనక వేదిక ఏసీలకి డీజిల్ జనరేటర్ మోగుతోంది.

"మ్యాప్‌లో లేని చోటికి వచ్చారేంటి?"

"డిపార్ట్‌మెంట్ మిమ్మల్ని నమ్మింది మేడమ్."

"క్లబ్బూ నమ్మింది. ఎవరు గెలిచినా కన్సల్టెంటు కావాలి కదండీ. కాసేపు ఆగండి, ఇద్దరి ఉద్యోగాలూ ఉంటాయి."

మైకులో జనం అంకెలు మొదలుపెట్టారు. పది. తొమ్మిది. ఈపాటికి అక్క గుండె ఆపేసి ఉంటారు. నత్త చేతిలో డిపార్ట్‌మెంట్ జామర్ ఉంది. చార్జింగ్ ఎప్పుడో అయిపోయింది. దాన్ని పెట్టెకేసి కొట్టాడు. అది పనికొచ్చింది అందుకొక్కదానికే.

కందిరీగలు లేచాయి. మొదట సెంటు వైపు వెళ్లాయి. మేడమ్ పిస్తోలు ఓ పక్క, చెప్పులు ఓ పక్క వదిలేసి పారిపోయింది. నత్త పెట్టెలో చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా నిప్పు అంటుకున్నట్టయింది. వేళ్లకి సిమ్ తగిలింది. మూడు. రెండు. పీకాడు.

మంత్రి లివర్ లాగాడు. అది ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. కరెంటు పోలేదు.

అదే క్షణంలో ఫీల్డంతా ఫోన్లు మోగాయి. గేటు దగ్గర గార్డుది, తోటమాలిది, మంచినీళ్లు పంచే అమ్మాయిలవి. సూపర్‌వైజరు చాటునుంచి వచ్చి తన ఫోన్ చూపించాడు.

"స్టాప్ అని వచ్చింది సార్. ఏం ఆపమంటారు?"

"ఏమీ ఆపకు. ఫోన్ ఇలా ఇవ్వు."

మెసేజ్ వచ్చిన నంబరుకి ఫోన్ చేస్తూ నత్త వేదిక దగ్గరికి నడిచాడు. వేదిక మీద మొదటి వరసలో, మంత్రి పక్క కుర్చీలో, ముఖ్య అతిథిగా వచ్చిన విదేశీ పర్యావరణ సలహాదారు కోటు జేబు మోగింది. అతను జేబు మీద చెయ్యి వేసి నవ్వాడు. నత్త వేదిక ఎక్కి అదే చెయ్యి పట్టుకున్నాడు. డిపార్ట్‌మెంట్ మనుషులు బేడీలు తెచ్చేసరికి కాస్త ఆలస్యమైంది. భోజనాల లైన్లో ఉన్నారు.

సాయంత్రానికి మేడమ్ అప్రూవర్‌గా మారింది. దానికీ ఫీజు అడిగింది.

ఆస్పత్రి వరండాలో ఫ్యాన్ కింద బావ కాళ్లు చాపుకుని ఉన్నాడు. అక్క గుండె మళ్లీ కొట్టుకుంటోందని, డాక్టరు వచ్చి చెప్పాడని అన్నాడు. తర్వాత నత్త చెయ్యి చూశాడు.

"ఆ చెయ్యేంట్రా, గుమ్మడికాయలా ఉంది?"

"కందిరీగలు కుట్టాయి బావా."

"ఆఫీసులో కూర్చునేవాడికి కందిరీగలేంట్రా! సరేగానీ, నేను చెప్పానా లేదా? ఒక్క క్షణం కరెంటు పోయిందా? ఎంతైనా బొగ్గు బొగ్గేరా!"

నిజం చెప్పే అధికారం నత్తకి లేదు. వినే అలవాటు బావకి లేదు.

"అవును బావా," అన్నాడు నత్త, ఉబ్బిన చేతిని ఫ్యాన్ గాలికి పెట్టి.