సూర్యకుమారి మేడం గారి పెన్సిలు

అమలాపురం ఊరి చివర, యూనివర్సిటీ వారి జర్నలిజం డిపార్ట్‌మెంటులో ఒక చిన్న గది ఉందండీ. పొద్దు వాలితే ఆ గదిలోకి ఎవరూ వెళ్ళరు. పట్టపగలు వెళ్ళినా, చదవాల్సింది గబగబా చదివేసి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు.

కాస్త దగ్గరికి జరగండమ్మా, వెనక వాళ్ళకి వినపడదు. కరెంటు వచ్చేదాకా ఎలాగూ ఎవరూ ఇళ్ళకి కదలరు కదా. ప్రార్థన అయిపోయింది, నోట్లో దేవుడి మాట ఇంకా ఆరలేదు. కాబట్టి ఇప్పుడు చెప్పినా నాకు బెదురు లేదు.

ఇది నాకు చెప్పింది మా తమ్ముడి కూతురు ఝాన్సీ. మీరంతా ఎరిగిన పిల్లే. మొన్న క్రిస్మస్‌కి మన గుడిలో వాక్యం చదివిందే, ఆ పిల్ల. మైకు లేకుండానే వీధి చివరిదాకా వినపడింది. అబద్ధం ఆడే పిల్ల కాదు. ఆడినా దాచుకోలేదు, మొహం చెప్పేస్తుంది.

ముందు ఆ గది సంగతి వినండి.

ఆ బిల్డింగు ఒకప్పుడు కొబ్బరిపీచు గోదాము. రోడ్డు మీద లారీల మోత లోపలికి రాకూడదని ఆ గది గోడల నిండా పీచు చాపలు కొట్టేరు. లోపల ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక మైకు. ఎదురుగా గోడలో పెద్ద అద్దం. అద్దానికి అవతల ఇంకో గది. అక్కడ రికార్డు చేసే కంప్యూటరు, దాని ముందు ఇంకో కుర్చీ. లోపలి తలుపు మూస్తే... మన ఊపిరి మనకే పెద్దగా వినిపిస్తుందట.

అవతలి కుర్చీ సూర్యకుమారి మేడం గారిది.

ఇరవై ఏళ్ళు ఆవిడ ఆ కుర్చీలో కూర్చుని పిల్లలకి వార్తలు చదవడం నేర్పేరు. పొద్దున్నే పూజ చేసుకుని, కుంకం బొట్టుతో వచ్చేవారట. చేతిలో ఎప్పుడూ ఒక పెన్సిలు. లోపల పిల్లలు తప్పు చదివితే ఆవిడ నోరు తెరిచేవారు కాదు. పెన్సిలు వెనకవైపుతో అద్దం మీద రెండు దెబ్బలు.

టక్... టక్.

అంటే, మళ్ళీ చదువు అని.

ఒత్తు సరిగ్గా పలక్కపోతే ఒక్కోసారి ఊరుకునేవారేమో గానీ, నిజం తప్పితే మాత్రం ఊరుకునేవారు కాదట. రేపు సాయంత్రం సభ ఉందనుకోండి, ఈ రాత్రే ‘సభ ఘనంగా జరిగింది’ అని రాసి పెట్టుకోవడం ఆ చదువు చదివేవాళ్ళకి మామూలే. ఎలాగూ జరుగుతుంది కదా అని. ఆవిడ దగ్గర అది సాగేది కాదు. టక్, టక్. బయటికి పిలిచి ఒకటే అడిగేవారు — జరిగిందా? నువ్వు చూశావా?

రెండేళ్ళ కిందట, సెమిస్టరు ఆఖరి రోజుల్లో, ఒక అమ్మాయి లోపల బులెటిన్ చదువుతోంది. మొదటి నుంచి చివరిదాకా ఒక్క దెబ్బ పడలేదు. ఆ పిల్ల మురిసిపోయింది. ఇవాళ మేడం గారితో శభాష్ అనిపించుకున్నానని నవ్వుకుంటూ తలుపు తీసుకుని ఇవతలికి వచ్చింది.

మేడం గారు కుర్చీలో అలాగే ఉన్నారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పెన్సిలు వేళ్ళ మధ్యనే ఉంది.

ఏ వార్త దగ్గర ప్రాణం పోయిందో... ఆ తర్వాత ఎంతసేపు ఆ పిల్ల చదువుతూ పోయిందో... ఎవరికీ తెలియదు.

అప్పట్నుంచే ఆ గదికి పేరు పడింది. చీకటి పడ్డాక అక్కడ కూర్చుని చదివితే అద్దం మీద దెబ్బ పడుతుందని.

పోయినవాళ్ళు తిరిగి రారనే నేను నమ్ముతాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. మరి ఇదంతా ఏమిటని నన్నడక్కండి. విన్నది విన్నట్టు చెబుతున్నాను, అంతే.

మొన్న ఏప్రిల్లో మా ఝాన్సీ వాళ్ళకి మొదటి ఏడాది పరీక్షలు అయిపోయేయి. అక్కడో ఆచారం ఉంది. సెలవులిచ్చే ముందు క్లాసంతా కలిసి ఒకరోజు ఎక్కడికైనా సరదాగా వెళ్ళి వస్తారు. ఆ సాయంత్రమే డిపార్ట్‌మెంటు రేడియోలో ‘ఆఖరి బులెటిన్’ వేస్తారు. లోకం వార్తలు కావు, వాళ్ళ వార్తలే. ఎవరి ఫోటోకి బహుమతి వచ్చింది, ఎవరి చిన్న సినిమా బాగుంది, అలాంటివి. ఈసారి కపిలేశ్వరపురం రేవులో పడవెక్కి, గోదాట్లో ఉన్న లంకలో అరటితోటల మధ్య వండుకు తిందామన్నారు. బులెటిన్ చదివే పని ఝాన్సీకి పడింది.

వెళ్ళొచ్చేసరికి ఒళ్ళు హూనమవుతుంది, గొంతు ఉండదు, ముందు రాత్రే చదివి పెట్టేస్తే పోతుంది కదా అనుకుంది ఈ పిల్ల. వెళ్ళకముందే, వెళ్ళొచ్చినట్టు రాసేసింది.

చూశారా. మేడం గారు వద్దన్న పనే.

ప్రవీణ్ కుమార్ అని క్లాసులో ఒక కుర్రాడున్నాడు, ఊరికే వేళాకోళాలాడతాడు. రాత్రిపూట చదువుతావా, అయితే మేడం గారికి నా నమస్కారాలు చెప్పు, నా ఒత్తులు బాగోవు, నన్ను మాత్రం పిలవొద్దను — అన్నాడట. అందరూ నవ్వేరు. ఝాన్సీ కూడా నవ్వింది.

తోడుకి బిందు వెళ్ళింది. వీళ్ళిద్దరూ హాస్టల్లో ఒకే గది, ఒకే కంచం. కానీ గది దాకా వచ్చేసరికి బిందు ఆగిపోయింది. లోపలికి నేను రాను బాబూ, ఇక్కడే మెట్ల మీద కూర్చుంటానంది.

ఝాన్సీ ఒక్కతే వెళ్ళింది. కంప్యూటర్లో రికార్డు నొక్కింది. అవతలి గదిలో ట్యూబులైటు గుయ్యిమంటుందని ఆర్పేసింది. లోపలికి వచ్చి తలుపు మూసుకుంది.

అద్దంలో తన మొహమే తనకి కనపడుతోంది. దాని వెనక — చీకటి.

ప్రభువా, నీ చేతికి అప్పగించుకుంటున్నాను అనుకుని మొదలుపెట్టిందట.

ప్రవీణ్ కుమార్ ఫోటోకి వచ్చిన బహుమతి చదివింది. ఏమీ లేదు. బిందు తీసిన చిన్న సినిమా గురించి చదివింది. ఏమీ లేదు. డిపార్ట్‌మెంటుకి వచ్చిన కొత్త కెమెరాల గురించి చదివింది. ఏమీ లేదు. భయం కాస్త సడలింది. గొంతు కూడా కుదురుకుంది.

“ఈ ఉదయం మన విద్యార్థులు గోదావరి లంకకు పడవలో వెళ్ళి, క్షేమంగా తిరిగి వచ్చారు.”

టక్... టక్.

ఆగిపోయింది.

బల్లి అయ్యుంటుందనుకుంది. పీచు చాపల వెనక బల్లులు తిరుగుతూనే ఉంటాయి. అదే వాక్యం మళ్ళీ చదివింది.

టక్... టక్.

చాపల్లో కాదు. అద్దం మీద. అవతలి నుంచి.

ఒక్క ఉదుటున తలుపు తీసుకుని మెట్ల దగ్గరికి పరుగెత్తింది. బిందు అక్కడే ఉంది, ఫోను చూసుకుంటూ. నువ్వు అద్దం కొట్టేవా అని అడిగితే ఆ పిల్ల తెల్లమొహం వేసింది. “నేనిక్కణ్ణుంచి లేస్తే ఒట్టు. తొందరగా చదివెయ్యవే, దోమలు పీకేస్తున్నాయి” అంది.

నేనైతే అక్కణ్ణుంచి అటే హాస్టలుకి పోదును. ఈ పిల్ల మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఎందుకెళ్ళేవే అంటే ఏమందో తెలుసా — “తప్పెక్కడుందో తెలుసుకోకుండా ఎలా వచ్చేస్తానత్తా.”

మళ్ళీ కూర్చుంది. ‘ఈ ఉదయం’ అన్న ముక్క తీసేసి చదివింది.

టక్... టక్.

‘క్షేమంగా’ తీసేసి చదివింది.

టక్... టక్.

అప్పుడు, నెమ్మదిగా సగమే చదివిందట.

“మన విద్యార్థులు గోదావరి లంకకు పడవలో వెళ్ళారు.”

...ఏమీ లేదు.

కాసేపాగింది. అద్దం వెనక చీకటి కూడా తనతోపాటు ఆగి, చెవి వొగ్గి వింటున్నట్టుందట.

“తిరిగి వచ్చారు.”

టక్... టక్.

తర్వాత ఆ రికార్డు పెట్టి విన్నారు ఇద్దరూ. అందులో దెబ్బలు లేవు. ఝాన్సీ గొంతు, ఒక నిశ్శబ్దం. మళ్ళీ ఝాన్సీ గొంతు, మళ్ళీ నిశ్శబ్దం. అంతే.

తెల్లారగట్ల అందరూ బస్సులో రేవుకి చేరేరు. బిందు నోట్లో మాట ఆగుతుందా, దారిలోనే చెప్పేసింది. ఇంక బస్సంతా ఒకటే నవ్వులు. సీట్ల మీద టక్ టక్‌మని కొట్టడం, మళ్ళీ చదువమ్మా ఝాన్సీ అనడం. నవ్వుతూనే దిగేరు, నవ్వుతూనే పడవెక్కేరు. వంటసామాను కూడా ఎక్కించేరు.

ఝాన్సీ ఎక్కలేదు. గట్టు మీద నిలబడిపోయింది.

వాళ్ళ డిపార్ట్‌మెంటుకి పెద్ద జగన్మోహనరావు గారు. ఆయన కూడా వెంట వచ్చేరు. దేవుడూ లేడు దెయ్యమూ లేదని క్లాసులో గంటలకొద్దీ వాదించే మనిషి. పడవ నడిపే పాపారావు ఎండెక్కిపోతోందని కేకలేస్తుంటే, ఆయన విసుక్కుంటూ గట్టెక్కి వచ్చేరు. ఝాన్సీ ఏడుపు మింగుకుంటూ రాత్రి జరిగిందంతా చెప్పింది. తిడతారనే అనుకుంది.

ఆయన తిట్టలేదు. గొంతు తగ్గించి అడిగేరు.

“ఏ మాట దగ్గరమ్మా?”

“తిరిగి వచ్చారు అన్నచోట సార్. వెళ్ళారు అన్నచోట లేదు.”

ఆయన మొహంలో రంగు మారడం ఝాన్సీ చూసింది. వెనక్కి తిరిగి, దిగండి, అన్నారు.

మీరు కూడానా సార్, అని ప్రవీణ్ కుమార్ నవ్వబోయేడు.

“ఇరవై ఏళ్ళు ఆవిడ పక్క గదిలో పనిచేశాను బాబూ. ఆవిడ పెన్సిలు కొట్టినచోట తప్పు లేకపోవడం నేను ఒక్కసారీ చూడలేదు. దిగండి.”

సణుక్కుంటూ దిగేరు. సామాను దింపేరు. పాపారావుకి కోపం వచ్చేసింది. “నా పడవకేం వచ్చిందండీ? నిన్న కూడా నిండా గెలలు తెచ్చేనండీ” అని, ఖాళీ పడవేసుకుని లంకలో గెలలు తేవడానికి ఒక్కడూ వెళ్ళిపోయేడు. పిల్లలు గట్టు మీదే రాళ్ళు పేర్చి ఉప్మా మొదలుపెట్టేరు.

గాలి లేదు. అల లేదు. పిల్లలు చూస్తూనే ఉన్నారు.

నడి గోదాట్లో పడవ ఒక పక్కకి ఒరిగింది... ఎవరో కింద నుంచి నెమ్మదిగా లాగినట్టు. ఒరిగి, అలాగే లోపలికి వెళ్ళిపోయింది. చప్పుడు కూడా లేదు.

పాపారావు గోదాట్లో పుట్టి పెరిగినవాడు. ఈదుకుంటూ గట్టెక్కేడు. వణికిపోతూ, అడుగు చెక్క ఊడిపోయిందండీ, నిన్న బాగానే ఉందండీ, అని అదే మాట తిప్పి తిప్పి చెప్పేడట. ఆ పిల్లల్లో ఈత వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. బిందుకి రాదు. ఝాన్సీ చెయ్యి పట్టుకున్నది హాస్టలుకి చేరేదాకా వదల్లేదు.

ఇక్కడితో అయిపోతే స్తోత్రం చెప్పుకుని లేచిపోదుమండీ.

ఆ సాయంత్రం బులెటిన్ మళ్ళీ చదవాలి కదా. ఈసారి భయం లేదు ఎవరికీ. అవతలి గదిలో లైట్లన్నీ వేసేరు. క్లాసు మొత్తం అక్కడే. మేడం గారి కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. ప్రవీణ్ కుమార్ తనే వెళ్ళి మల్లెపూలు తెచ్చి ఆ కుర్చీలో పెట్టి దణ్ణం పెట్టుకున్నాడు. అందరూ కుర్చీ వెనక అద్దానికి ఎదురుగా నిలబడ్డారు. జగన్మోహనరావు గారు కూడా.

ఝాన్సీ చదివింది. బహుమతులు చదివింది. పడవ ప్రయాణం ఆగిపోయిందని చదివింది. అందరూ క్షేమంగా ఉన్నారని చదివింది. ఎక్కడా దెబ్బ లేదు. అవతల బిందు కళ్ళు తుడుచుకుంటోంది.

ఇంక ఆఖరి వాక్యం. అయిపోగానే చప్పట్లు కొట్టాలని అందరూ చేతులు పైకెత్తి సిద్ధంగా ఉన్నారు.

“సెలవుల తర్వాత మేమందరం మళ్ళీ ఇక్కడే కలుసుకుంటాం.”

టక్... టక్.

ఝాన్సీ తలెత్తి చూసింది. అందరి చేతులూ గాలిలోనే ఉన్నాయి. అద్దం దరిదాపుల్లో ఒక్క చెయ్యి లేదు. అందరూ నవ్వుతున్నారు. ఎవరికీ వినపడలేదు.

మళ్ళీ చదివింది.

టక్... టక్.

ఏమైందని అవతలి నుంచి సైగ చేశారు. గొంతు పట్టేసిందని సైగ చేసింది. నీళ్ళు తాగింది. రాత్రి చేసిన పనే మళ్ళీ చేసింది. ఒక్క ముక్క తీసేసింది.

“సెలవుల తర్వాత మళ్ళీ ఇక్కడే కలుసుకుంటాం.”

...ఏమీ లేదు.

చప్పట్లు మోగిపోయేయి. ఝాన్సీ మాత్రం ఒక్కొక్క మొహమే చూస్తూ కూర్చుందట. బిందు... ప్రవీణ్ కుమార్... జగన్మోహనరావు గారు... వాళ్ళందరి మీదుగా, అద్దంలో పల్చగా, తన మొహం.

బులెటిన్ అలాగే వేసేశారు. ‘మేమందరం’ అన్న మాట లేదని ఎవరూ గమనించలేదు. ఝాన్సీ ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పింది, నిన్న రాత్రి, పెట్టె సర్దుకుంటూ. ఎల్లుండి సోమవారం వాళ్ళకి కాలేజీ తెరుస్తారు.

అదిగో, కరెంటు వచ్చేసింది. అప్పుడే లేవకండమ్మా, మళ్ళీ మోకరిద్దాం. ఆ పిల్లలందరి పేర్లూ నాకు తెలియవు. ఎవరి కోసం అడగాలో అంతకన్నా తెలియదు. మా ఝాన్సీ పేరుతో మొదలుపెడతాను.