ఒంటిచేత్తో మూత

సీసా ఒరిగి, బల్ల మీంచి జారి, నేల మీద పడి పగిలింది. అందులోని జామ్‌లో సగం పరీక్ష చేస్తున్న ఇంజనీరు తెల్లకోటు మీద పడింది. మిగతా సగం పరికరం తెచ్చినామె చెప్పుల మీద పడింది.

ఇద్దరూ కిందికి చూశారు. తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు.

“మీకు వాడడం రాలేదు,” అంది ఆమె.

“కొన్నవాళ్ళందరి పక్కనా మీరు నిలబడి నేర్పుతారా?” అన్నాడు అతను.

అంటూనే కలం తీసి కాగితం మీద రాశాడు: సీసా ఒరిగింది. ఫెయిల్.

“ఒక్కసారి పడితే ఫెయిలేనా?”

“తొమ్మిదిసార్లు పడిందండి. ఎనిమిదిసార్లు నేను పట్టుకున్నాను.”

ఆమెకి ఒళ్ళు మండింది. పరికరాన్ని సంచిలో వేసుకుని, జామ్ అంటిన చెప్పులతోనే బయటికి నడిచింది. వరండా పొడుగునా అడుగుల ముద్రలు పడ్డాయి.

ఆమె ఒక వర్క్‌షాపులో లేత్ మెషీన్ మీద పని చేస్తుంది. తండ్రి అదే షాపులో పెద్దమేస్త్రి. రెండేళ్ళ కిందట ఆయనకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆయన మెషీన్ ఆమె చేతికొచ్చింది. అప్పటినుంచి షాపులో అందరూ ఆమెని చిన్నమేస్త్రి అంటున్నారు.

పెద్దమేస్త్రి నడవగలడు, మాట్లాడగలడు, తిట్టగలడు. సీసా మూత మాత్రం తీసుకోలేడు. మందు సీసా మూత తీయమని రోజుకి నాలుగుసార్లు కోడలిని పిలవాలి. పిలిచిన ప్రతిసారీ ఆయన మొహం గోడవైపు తిప్పుకోవడం కూతురు చూసింది. ఆ వారమే ఈ పరికరం పని మొదలుపెట్టింది.

పొద్దున్నే షాపు తెరవకముందు రెండు గంటలు పనిచేసేది. ఆరు నమూనాలు పాడయ్యాయి. ఏడోది కుదిరింది. ఒక చెక్క దిమ్మ, దాని మీద రెండు ఇనప దవడలు, లోపలివైపు రబ్బరు, పక్కన ఒక మీట. సీసాని దవడల మధ్య నిలబెట్టి మీట నొక్కితే అవి గట్టిగా పట్టుకుంటాయి. అదే చేత్తో మూత తిప్పుకోవచ్చు. పెద్దమేస్త్రి మొదటిసారి మూత తీసిన రోజు ఇంట్లో ఉన్న సీసాలన్నీ తీసి చూశాడు. వెనిగర్ సీసాతో సహా.

ఆయనకి వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టు అది చూసి తనకి పది కావాలంది. ఆమె చెప్తే ఒక మందుల షాపుల కంపెనీ తన నలభై షాపుల్లో పెట్టడానికి ఒప్పుకుంది. షరతు ఒకటే. నెలాఖరులోగా పరీక్షశాల సర్టిఫికెట్ తేవాలి. తేకపోతే ఆ అర ఇంకో కంపెనీకి వెళ్తుంది. పరీక్షశాలలో ఒక దరఖాస్తుకి మూడే అవకాశాలు.

అందులో ఒకటి జామ్‌పాలైంది.

“ఎలా ఉంటాడే ఆ మనిషి?” అంది వదిన, చెప్పులు కడుగుతూ.

“ఎలా ఉంటే నీకెందుకు వదినా?”

“ఫెయిల్ చేసినవాడి గురించి వచ్చి అరగంటైంది, ఒక్క తిట్టూ తిట్టలేదు. అందుకని అడిగాను.”

“తెల్లకోటు. కళ్ళజోడు. నవ్వితే స్టాంపు అరిగిపోతుందని భయం కాబోలు.”

“అయితే నవ్వుతాడో లేదో కనిపెట్టి చూశావన్నమాట.”

చిన్నమేస్త్రి దిమ్మ బరువు పెంచే పనిలో పడింది. సీసా ఒరిగిందంటే అడుగు తేలికగా ఉందని అర్థం. దిమ్మకింద ఇనప పలక వేసింది. దవడల ఎత్తు రెండు వేళ్ళు పెంచింది. తర్వాత ఇంటిల్లిపాదీ పరీక్షకి కూర్చున్నారు.

ఆ ఇంట్లో పరీక్షకి ఒక పద్ధతి ఉంది. ఎవరు పరికరం ముందు కూర్చున్నా వాళ్ళ కుడిచేతిని తువ్వాలుతో వీపుకి కట్టేస్తారు. నాన్న పరిస్థితి తెలియాలి కదా. అన్నయ్యని కట్టారు, వదినని కట్టారు. చిన్నమేస్త్రి తనని తాను కట్టుకుంది. ఒక్కొక్కరూ ఇరవై మూతలు తీశారు. సీసా ఇసుమంత కూడా కదల్లేదు.

“ఇప్పుడు రమ్మను నీ తెల్లకోటుని,” అన్నాడు అన్నయ్య.

“నీ అంటావేంటి అన్నయ్యా?”

“పోనీ, మీ వదిన తెల్లకోటు.”

పద్దెనిమిదో తారీఖున రెండో పరీక్ష. ఈసారి అతను బల్లకింద ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంచాడు. దాన్ని చూసి ఆమెకి మండింది.

“పడుతుందని ముందే రాసిపెట్టుకున్నారా?”

“ఉన్నది ఒకటే కోటండి,” అన్నాడు అతను.

సీసా నిలబెట్టాడు. మీట నొక్కబోయాడు. ముంజేయి తగిలి సీసా ఒరిగింది. నిలబెట్టాడు. మళ్ళీ ఒరిగింది. దిమ్మ కదల్లేదు, దవడలు కదల్లేదు. సీసా మాత్రం పట్టా మీద దొర్లుతోంది.

“మా ఇంట్లో అరవైసార్లు చేశాం. ఒక్కసారీ పడలేదు.” ఆమె దొర్లుతున్న సీసాని పట్టుకుంది. “మీ చేతిలోనే ఎందుకు పడుతోంది? ఎక్కడ తప్పుందో చెప్పొచ్చుగా.”

“ఏం జరిగిందో చెప్పాలి. ఎలా బాగుచెయ్యాలో చెప్పకూడదు. నియమం.”

“నియమాన్ని ఫ్రేమ్ కట్టించి గోడకి తగిలించుకోండి.”

అతను కాసేపు కలంతో ఆడుకున్నాడు. తర్వాత కలం పక్కన పెట్టి, కుడిచేతిని కోటు జేబులో పెట్టుకున్నాడు. ఎడమచేత్తో సీసా నిలబెట్టాడు. మీట నొక్కాడు. మూత తిప్పాడు. వచ్చింది.

ఎడమచేతిని జేబులో పెట్టుకుని కుడిచెయ్యి తీశాడు. ఎడమపక్కనున్న మీటకోసం ఆ చెయ్యి సీసాని దాటి వెళ్ళాల్సి వచ్చింది. ముంజేయి తగిలింది. సీసా పడింది.

మళ్ళీ ఎడమచెయ్యి. మూత వచ్చింది. మళ్ళీ కుడిచెయ్యి. సీసా పడింది. అలా అయిదుసార్లు చేశాడు. ఒక్కసారీ తలెత్తి ఆమెని చూడలేదు.

అయిదోసారికి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“తువ్వాలు,” అంది.

“ఏంటండి?”

“మేం తువ్వాలు కట్టుకున్నాం. అందరం. కుడిచేతికే.”

అతనికి ఆ మాట అర్థం కాలేదు. ఆమె మొహం మాత్రం అర్థమైంది. కాగితం మీద ‘ఫెయిల్’ అని రాసి ఆమెవైపు జరిపాడు.

“ఇప్పుడు మీరు చేసింది సలహా కాదా?” అంది ఆమె.

“కాదండి. పరీక్ష. ఎన్నిసార్లు చెయ్యాలన్నది నా ఇష్టం.”

బయటికొచ్చేసరికి వాన దంచుతోంది. ఆమె పరికరాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి గుండెలకి హత్తుకుని మెట్ల మీద నిలబడింది. డ్యూటీ అయిపోయి అతనూ వచ్చాడు. చేతిలో గొడుగు ఉంది.

“బస్టాపు దాకా వస్తారా?” అంది ఆమె, గొడుగు చూసి.

అతను గొడుగు చూశాడు. ఆమెని చూశాడు. “ఫైలు మూసేదాకా దరఖాస్తుదారుకి ఏ సాయమూ చెయ్యకూడదండి.”

“గొడుగు కూడానా?”

“గొడుగు సాయమే కదండి.”

“అయితే మీరు గొడుగులో వెళ్ళండి. నేను నియమంలో తడుస్తా.”

ఆమె వానలోకి దిగింది. పది అడుగులు వేశాక పక్కన చప్పుడైంది. అతను గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని నడుస్తున్నాడు. కళ్ళజోడు మీంచి నీళ్ళు కారుతున్నాయి.

“ఇదేం పిచ్చండీ?”

“తడవకూడదని నియమం లేదు.”

బస్టాపు దాకా ఇద్దరూ తడుస్తూనే నడిచారు. బస్సెక్కాక ఆమె కిటికీలోంచి చూసింది. అతను ఎదురుదిక్కున నడుస్తున్నాడు. అతను వెళ్ళాల్సింది ఆ దారినే అని, తనకోసం ఇటు వచ్చాడని అప్పుడు తెలిసింది. ఆమె నవ్వుకుంది. పక్కసీటులో కూర్చున్న పెద్దావిడ కూడా ఎందుకో నవ్వింది.

ఇంట్లో సంగతి చెప్పేసరికి అన్నయ్య తల పట్టుకున్నాడు. వదిన కుడిచేతిని, ఎడమచేతిని మార్చి మార్చి చూసుకుంది. పెద్దమేస్త్రి పడక్కుర్చీలోంచి లేచి కూర్చున్నాడు.

“నా ఒక్కడి చెయ్యికోసం ఊరందరి చేతులూ కట్టేశావు కదే అమ్మడూ.”

“నీకోసమే చేశాను నాన్నా.”

“నాకోసం చేసింది నా దగ్గరుంది. షాపులో పెట్టేది ఎవరికో. ఎవడికి ఏ చెయ్యి పడిపోయిందో నీకేం తెలుసు? మీట తీసి మధ్యలో పెట్టు.”

“మధ్యలో పెడితే సీసా అడ్డమొస్తుంది.”

“ముందువైపు పెట్టు. పొట్ట దగ్గర. అరచేత్తో నొక్కినా, మోచేత్తో నొక్కినా, మొండికేసి పొట్టతో నొక్కినా పడాలి. ముప్పై ఏళ్ళు ఆ లేత్ మీద నిలబడి నీకు అన్నం పెట్టినవాడిని. ఆమాత్రం చెప్పలేననుకున్నావా?”

రెండేళ్ళుగా ఆ గొంతు ఆమె వినలేదు. వర్క్‌షాపులో మెషీన్ల మోత దాటి వినబడే గొంతు అది. ఆమె మారుమాట్లాడకుండా కాగితం తెచ్చింది. ఆయన ఎడమచేత్తో గీశాడు. గీతలు వంకరపోయాయి. కొలతలు మాత్రం వంకరపోలేదు.

మందుల షాపుల కంపెనీ కొనుగోలు మేనేజరు మూడుసార్లు ఫోన్ చేసింది. మూడోసారి, “అమ్మా, మీరంటే నాకిష్టమే, కానీ ముప్పయ్యో తారీఖు నా మాట వినదు,” అంది. మీట స్ప్రింగు రెండుసార్లు విరిగింది. మూడోది నిలిచింది. ఈసారి తువ్వాలు ఒక్కొక్కరికీ రెండు చేతులకీ వంతులవారీగా కట్టారు. వదిన పొట్టతో కూడా నొక్కి చూసింది.

ఇరవైతొమ్మిదిన ఆమె పరీక్షశాలకి వెళ్ళింది. కొత్త చెప్పులు వేసుకుంది. వదిన చూసి కూడా ఏమీ అనలేదు. అదే పెద్ద వేళాకోళం.

బల్ల దగ్గర తెల్లకోటు లేడు. అతని కుర్చీలో అతని పై అధికారి కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు, మెడలో వేలాడే కళ్ళజోడు. అక్కడ అందరూ ఆమెని పెద్ద మేడమ్ అంటారు. ఆవిడ చేతిలో పడి పాసైన వస్తువులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చని వరండాలో చెప్పుకుంటారు.

“ఆయన ఏరండి?”

“తప్పుకున్నాడు. నీ ఫైలు నాకు రాసిచ్చాడు.”

చిన్నమేస్త్రికి గుండె జారిపోయింది. రెండుసార్లు ఓడిపోయినదాని పక్కన మూడోసారి నిలబడ్డం ఎందుకనుకున్నాడన్నమాట. వానలో నడిచినవాడు ఎండలో మాయమయ్యాడు. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. రెండూ దిగమింగి పరికరాన్ని బల్ల మీద పెట్టింది.

పెద్ద మేడమ్ కుడిచేత్తో యాభై మూతలు తీసింది. ఎడమచేత్తో యాభై తీసింది. చేతులకి నూనె రాసుకుని తీసింది. సబ్బు రాసుకుని తీసింది. పరికరాన్ని మీటరు ఎత్తునుంచి పదిసార్లు సిమెంటు నేల మీదికి వదిలింది. ప్రతి దెబ్బకీ చిన్నమేస్త్రి కళ్ళు మూసుకుంది. పదకొండోసారి వదలబోయి ఆగి, సీసా నిలబెట్టి, మోచేత్తో మీట నొక్కింది. దవడలు పట్టుకున్నాయి.

“ఎవరమ్మా ఈ మీటని ముందుకి తెచ్చింది?”

“మా నాన్నండి.”

“మేస్త్రి బుర్ర,” అంది పెద్ద మేడమ్. స్టాంపు తీసి కొట్టింది. కాగితం మీద ‘పాస్’ అన్న రెండక్షరాలు తడిగా మెరిశాయి.

చిన్నమేస్త్రి ఆ రెండక్షరాలూ మళ్ళీ చదివింది. అయిదు నెలల పొద్దులు, విరిగిన స్ప్రింగులు, ఆరు పాడైన నమూనాలు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. థాంక్స్ అంటూ కాగితం అందుకోబోయింది.

“ఇంకో సంతకం ఉంది,” అంది పెద్ద మేడమ్. “పరీక్షకుడు మారినప్పుడు కారణం దరఖాస్తుదారుకి చదివి వినిపించాలి. నియమం.”

కళ్ళజోడు పెట్టుకుని ఫారం చదివింది. “పరీక్షకుడికి దరఖాస్తుదారుతో సంబంధం ఏదైనా ఉందా? జవాబు: ప్రస్తుతం లేదు. తప్పుకోవడానికి కారణం: ఈ పరికరం పాస్ కావాలని నేను కోరుకుంటున్నాను. అలా కోరుకునేవాడు పరీక్ష చెయ్యకూడదు. సంబంధం గురించి పైన రాసిన జవాబు మారాలని కూడా కోరుకుంటున్నాను. తేదీ పద్దెనిమిది.”

తలెత్తింది. “పాతికేళ్ళ సర్వీసులో ఈ కాలమ్‌లో ఇంత పొడుగు జవాబు చూడలేదు. కింద దరఖాస్తుదారు అభిప్రాయం రాయాలి. ఏం రాస్తావు?”

పద్దెనిమిది. వాన పడిన రోజు. తడిసి వెళ్ళినవాడు ముందే ఈ ఫారం రాసిపెట్టి బయటికొచ్చాడన్నమాట.

చిన్నమేస్త్రి కలం అందుకుంది. ‘అభ్యంతరం లేదు’ అని రాసింది. ఒక క్షణం ఆగి, పక్కన ‘త్వరగా మారాలి’ అని చేర్చింది.

పెద్ద మేడమ్ ఫైలు మూసింది. “స్టోర్‌రూములో ఉన్నాడు. పొద్దున్నుంచి అదే అట్టపెట్టె మూడుసార్లు సర్దాడు. వెళ్ళమ్మా, పెట్టె చిరిగిపోతుంది.”

షాపులో అందరూ కలిసి నెల్లాళ్ళు తయారుచేశాక, ఆ పై ఒకటో తారీఖున నలభై షాపుల్లో పరికరం అరల మీదికి ఎక్కింది. ఇంటిదగ్గరి షాపులో పన్నెండు పెట్టారు. కుటుంబమంతా ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడి చూస్తోంది. తెల్లకోటు ఆ రోజు కోటు లేకుండా వచ్చి, పెద్దమేస్త్రి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“నువ్వేనా రెండుసార్లు ఫెయిల్ చేసింది?”

“అవునండి.”

“రెండుసార్లూ సరిగ్గానే చేశావు.” పెద్దమేస్త్రి అతన్ని కిందినుంచి పైదాకా కొలిచాడు. “మా కోడలు ఏదో ఫారం సంగతి చెప్పింది. నాలుగుసార్లు చెప్పింది. నువ్వు నిజంగా అలా రాశావా?”

“రాశానండి.”

“ఆఫీసు కాగితం మీద అబద్ధం రాసే రకం కాదుగా?”

“కాదండి.”

“అయితే మీ పెద్దవాళ్ళని ఆదివారం రమ్మను.”

వదిన ఈల వెయ్యబోయి, మావయ్య గుర్తొచ్చి దగ్గింది.

షాపులోంచి చిన్నమేస్త్రి పరుగెత్తుకొచ్చింది. రోడ్డు దాటకముందే అరిచింది. “అయిపోయాయి! పన్నెండూ! ఇంకా ఆరుగురు పేర్లు రాయించుకున్నారు!”

అన్నయ్య గాల్లోకి ఎగిరాడు. పెద్దమేస్త్రి కూతురి తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు. ఆ చెయ్యి తీశాక ఆమె తెల్లకోటువైపు తిరిగింది.

“నాన్న ఏమన్నారు?”

“ఆదివారం పాస్ చేస్తారట,” అన్నాడు అతను.

“మూడు అవకాశాలున్నాయి మీకు.”

“నాకు ఒకటి చాలండి.”

“ఇంకా అండీ ఏంటి?” అంది చిన్నమేస్త్రి. “ఫైలు మూసేశారుగా.”

అతను నవ్వాడు. వదిన అన్నయ్య భుజం మీద గట్టిగా చరిచింది. ఎదురుగా షాపువాడు ఖాళీ అర తుడుస్తూ, మళ్ళీ సరుకు ఎప్పుడొస్తుందని రోడ్డు మీదికొచ్చి అడుగుతున్నాడు.