మార్కీజ్ మెడలో గంట

పుయ్ మారి శిఖరం మీద నుంచి ఆ ఉదయం ఒక మనిషి కింద పడ్డాడు. జారి పడేవాడు కేక పెడతాడు. ఇతను పెట్టలేదు. పడకముందే వెన్నులో గుండు దిగింది.

అతని పేరు ఫిర్మాన్. చేతిలో మ్యాపు, వీపున సంచీ, చూసినవాళ్ళకి కొండలెక్కే టూరిస్టు. నిజానికి ఫ్రెంచి రహస్య సంస్థ కొరియర్. బూటు మడమలో ఉండాల్సిన మైక్రోఫిల్మ్ లేదు.

"అందులో తొమ్మిది పేర్లున్నాయి," అన్నాడు కల్నల్ మొరిన్యే. ఒరియాక్ పట్నంలో చీజ్ గోదాము వెనక గది. తలుపు వేసి ఉంది. "తూర్పు దేశాల్లో మనకి పనిచేసేవాళ్ళు. ఫిల్మ్ సరిహద్దు దాటిందా, తొమ్మిది మందీ పోయినట్టే."

"దాటలేదా?"

"దారులన్నీ మూయించాం. కొండ దిగే ప్రతి సంచీ, ప్రతి కారూ వెతుకుతున్నాం. సరుకు ఇంకా పైనే ఉంది. శనివారం ఐదింటికి చిన్న విమానం వచ్చి తీసుకుపోతుందట. ఎక్కడ దిగుతుందో మన ఏజెంటు ఒదీల్ కనిపెట్టిందట. నువ్వు వెళ్ళి ఆమెని కలువు. చోటు తెలియగానే సిగ్నల్ ఇవ్వు. కనుమలో రెండు జీపులుంటాయి. పది నిమిషాల్లో వస్తాయి."

గాస్పార్ విదలెంక్ తలూపాడు. ఇరవై ఏళ్ళుగా కొండ మీది కాపరుల దగ్గర చీజ్ కొంటున్నాడు. పదేళ్ళుగా ఏజెంటు. రెండు వ్యాపారాల్లోనూ అతనిది ఒకటే పద్ధతి. తొక్క చూసి కొనడు. ఇనప గొట్టం లోపలిదాకా గుచ్చి, తిప్పి, తీసి, వాసన చూసి కొంటాడు. ఆ గొట్టం పిడిలోనే సంస్థ వాళ్ళు రేడియో అమర్చారు.

ఆ తొమ్మిది పేర్లలో ఒకటి మిలేనా. బడి పంతులమ్మ. ఆమెని ఈ పనిలోకి దించింది గాస్పారే. "నీకేం కాదు, నాది పూచీ" అన్నాడు. చీజ్ చెడితే వెనక్కి తీసుకుని మరోటి ఇవ్వొచ్చు. చెడిన మాటకి బదులేమివ్వాలో అతనికి ఇరవై ఏళ్ళ వ్యాపారంలో ఎవరూ నేర్పలేదు.

శనివారం మధ్యాహ్నం. కనుమ దగ్గర టూరిస్టుల గోల. నల్ల కళ్ళద్దాలు, మెడలో ఎర్ర స్కార్ఫు, భుజాన తాడు చుట్ట. ఒకప్పుడు పారిస్‌లో ఖరీదైన బట్టలు వేసుకుని నడిచి చూపించిన మనిషి ఒదీల్. కొండ బూట్లలోనూ అలాగే నడిచింది.

"ఈ ఏడు గడ్డి ఆలస్యంగా లేచింది," అన్నాడు గాస్పార్.

"జెన్షియన్ పువ్వు మాత్రం ముందే పూసింది," అంది ఆమె. కోడ్ సరిపోయింది. "పద. నడుస్తూ మాట్లాడుకుందాం. పొట్ట తగ్గించుకోవాలి నువ్వు."

"ఇది పొట్ట కాదు. గోదాము."

శిఖరం పక్కన గట్టు మీద కూర్చుని రై రొట్టె, ఎండు సాసేజి తిన్నారు. చీజ్ తనే తీస్తానని ఒదీల్ గొట్టం అడిగి తీసుకుంది. గాస్పార్ ఇచ్చాడు. తిన్నాక తిరిగి అతని చేతికిచ్చింది. అందంగా నవ్వుతున్న మనిషి లోపల గుచ్చి చూడాలన్న సంగతి ఆ పూట మరిచాడు.

రోలాన్ చీలిక దగ్గర ఆమె ఆగింది. గొడ్డలితో నరికినట్టు కొండ అక్కడ రెండుగా తెగి ఉంటుంది. "ఫిల్మ్ ఆ కింది అరుగు మీద, రాళ్ళ సందులో దాచారు. తాడు నేను పట్టుకుంటా. దిగు."

ఎనిమిది మీటర్లు దిగాడు. అరుగు మంచమంత ఉంది. రాళ్ళ సందులో చెయ్యి పెట్టాడు. గడ్డి తప్ప ఏమీ లేదు. వెనక తాడు సర్రున పైకి పోయింది.

"ఒదీల్!"

"అరవకు గాస్పార్, గొంతు పోతుంది. రేపు ఎవరో ఒక టూరిస్టు చూస్తాడులే."

"ఎవరికి అమ్ముడుపోయావ్?"

"ఇద్దరికీ. వాళ్ళు కాస్త ముందుగా అడిగారు." ఆమె వంగి కిందికి చూపించింది. "ఆ రాతి గుడిసె, ఆ ఆవులు కనిపిస్తున్నాయా? ఫిల్మ్ అక్కడుంది. మార్కీజ్ అనే ఆవు మెడ గంటలో, మైనంలో అంటించి. మీవాళ్ళు సంచులన్నీ వెతికారు, ఆవుని వెతకలేదు. పెట్టిన పాలేరు అక్క పెళ్ళని వెళ్ళిపోయాడు. తీసేవాడు ఇవాళే పనిలో చేరాడు. విమానం ఆ మైదానంలోనే దిగుతుంది."

వెళ్ళిపోయింది.

గాస్పార్ గొట్టం పిడి విప్పాడు. బ్యాటరీ ఉండాల్సిన చోట చీజ్ ముక్క. ముట్టుకుని చూశాడు. తన గోదాములోదే. మంచి రకం.

నాలుగున్నర. పైకి నున్నటి రాయి. కింద నూరు మీటర్ల గాలి. రెండుసార్లు ఎక్కబోయాడు. రెండుసార్లూ వేళ్ళు జారి అరుగు మీదే పడ్డాడు. మూడోసారి అరుగు కూడా మిగలదని లెక్క తేలింది. అరిచాడు. గాలి ఎదురు కొడుతోంది, అరుపు అతని నోట్లోకే వచ్చింది. ఇక బైనాక్యులర్స్ తీసి చూడటం తప్ప చేసేదేం లేదు.

కింద నలభై సాలెర్ జాతి ఆవులు. అన్నీ ఎర్రమట్టి రంగువే, అన్నిటికీ అవే పొడవాటి కొమ్ములు. పక్కన కర్ర తడికల దొడ్లో దూడలు. ముసలి కాపరి ఆంతోనిన్ ఒంటికాలి పీట నడుముకి కట్టుకుని ఒకదాన్ని పితుకుతున్నాడు. కొత్త పాలేరు బకెట్ పట్టుకుని నిలబడ్డాడు. మైదానం చివర ఒదీల్ ఎర్ర స్కార్ఫు పరుస్తోంది, విమానానికి గుర్తుగా.

అంతా కళ్ళ ముందే. ఎవరి చొక్కాకి ఏ బొత్తాం ఊడిందో కూడా కనిపిస్తోంది. ఒక్క వేలు కూడా అడ్డం పెట్టలేడు. మిలేనా ఇప్పుడు పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకుంటూ ఉంటుంది. పూచీ ఇచ్చిన పెద్దమనిషి ఇక్కడ అరుగు మీద కూర్చుని, ఆమె చావుకి టిక్కెట్టు కొన్నవాడిలా చూస్తున్నాడు.

పాలేరు ఏదో అడిగాడు. ఆంతోనిన్ ఒక ఆవుని చూపించాడు. వాడు తిన్నగా దాని దగ్గరికి వెళ్ళి, పొదుగు కింద బకెట్ పెట్టి, మెడ గంట మీద చెయ్యి వేశాడు.

గాస్పార్ బైనాక్యులర్స్ ఆవు చుట్టూ తిప్పాడు. దూడ ఏది?

సాలెర్ ఆవు దూడ లేనిదే చుక్క విడవదు. ముందు దూడని పేరు పెట్టి పిలిచి వదలాలి. అది రెండు గుక్కలు తాగాక, తల్లి ముందుకాలికి కట్టి, వీపు మీద ఉప్పు చల్లాలి. తల్లి ఆ ఉప్పు నాకుతుంటే పిండుకోవాలి. ఈ కొండ మీద పుట్టినవాడికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. పుట్టనివాడికి ఎవరూ చెప్పలేదు.

మార్కీజ్ తన్నింది. బకెట్ ఎగిరి పది గజాల అవతల పడింది.

ఆంతోనిన్ లేచాడు. ఆ గొంతు యాభై ఏళ్ళుగా కొండకీ కొండకీ మధ్య మాట్లాడిన గొంతు. గాలి వీపున మోసుకొచ్చి గాస్పార్‌కి అందించింది.

"ఏ ఊరివాడివిరా నువ్వు? దూడ లేకుండా పాలేంట్రా? మీ అమ్మ నిన్నిలాగే పెంచిందా? దూడని వదులు ముందు!"

ఉత్తరాన విమానం చప్పుడు. ఐదుకి రెండు నిమిషాలు.

పాలేరు ఆకాశం చూశాడు. గడియారం చూశాడు. దొడ్డి వైపు పరుగెత్తాడు. ఏ దూడ ఎవరిదో, ఎలా పిలవాలో వాడికేం తెలుసు? దూడలేగా కావాల్సింది అనుకున్నట్టున్నాడు. తడిక మొత్తం లాగేశాడు.

నలభై దూడలు. ఉదయం నుంచి ఆకలి మీద ఉన్నవి. గట్టు తెగినట్టు మైదానం మీద పడ్డాయి. నలభై మంది తల్లులు అరుచుకుంటూ వాటి వెనక. అన్ని గంటలూ ఒక్కసారిగా మోగాయి. పాలేరు కింద పడ్డాడు. వాడి మీద నుంచి ఎన్ని డెక్కలు పోయాయో లెక్కపెట్టడం గాస్పార్ వల్ల కాలేదు.

విమానం చక్రాలు గడ్డికి రెండు బారల ఎత్తులోకి వచ్చాయి. ఎదురుగా కొమ్ములు. ఇంజను గీపెట్టి పైకి లేచింది. ఇంకోసారి చుట్టు తిరిగింది. స్కార్ఫు ఉన్న చోట ఒక దూడ నిలబడి దాన్ని నములుతోంది. ఒదీల్ మంద మధ్య అటూ ఇటూ పరుగెడుతోంది. నలభైలో మార్కీజ్ ఏది? తెలిసింది ముగ్గురికే. ఒకరు ఆంతోనిన్, ఒకరు దాని దూడ, మూడోది మార్కీజ్.

తక్కువ ఎత్తులో తిరుగుతున్న విమానాన్ని కనుమలో ఉన్న జీపులు చూశాయి. అవి రాగానే విమానం ఉత్తరానికి పోయింది. పాలేరు పట్టుబడ్డాడు, లేవలేక. ఒదీల్ మాత్రం గట్టు దిగుతున్న టూరిస్టుల గుంపులో కలిసి, ఖాళీ సంచీతో సోదా దగ్గర నవ్వుతూ దాటిపోయింది.

అప్పుడు గాలి తిరిగింది. గాస్పార్ అరుపు మొదటిసారి కిందికి చేరింది. "మార్కీజ్! దాని గంట చూడు!"

ఆంతోనిన్ తల పైకెత్తాడు. "ఎవరది? చీజ్ షావుకారా? అక్కడేం కొంటున్నావయ్యా, రాళ్ళా?"

"గంట చూడు మామా!"

"చూశాలే! మూడు రోజుల్నుంచి జలుబు చేసినట్టు మోగుతోంది. లోపల ఏదో డబ్బీ అంటించి ఉంది. ఆ జీపు దొరలకిచ్చేశా, పట్టుకుని వెళ్ళిపోయారు."

గాస్పార్ బైనాక్యులర్స్ తీసి పక్కన పెట్టాడు.

"మామా, తాడు పట్టుకురా!"

"తాళ్ళన్నీ దూడలకి కావాలి. ఇవన్నీ మళ్ళీ పట్టి పితకాలి. పాలు ఆగవు షావుకారూ, నువ్వాగుతావు!"

ఆగాడు. మూడు గంటలు. బ్యాటరీ స్థానంలో ఉన్న చీజ్ ముక్క తిన్నాడు.

సోమవారం ఒరియాక్‌లో కల్నల్ రిపోర్టు తిరగేశాడు. "తొమ్మిది మందీ క్షేమం. భేష్. కానీ గాస్పార్, ఇందులో నువ్వేం చేశావో రాయలేదు."

"చూశాను సార్."

"మరి విమానాన్ని ఆపిందెవరు? ఈ మార్కీజ్ ఎవరు? మన లిస్టులో ఆ పేరు లేదే. నమ్మకమైన మనిషేనా?"

"ఒదీల్ కంటే నయం సార్. మనం పిలిచినా పలకదు, వాళ్ళు పిలిచినా పలకదు." గాస్పార్ టోపీ తీసుకుని లేచాడు. "ఉప్పు మాత్రం మర్చిపోకూడదు."