రెండో విడత కాపీ

"ముఠా సర్వర్ నడుస్తుండగానే దాంట్లోని డేటాబేస్ కాపీ తేవాలి. సాయంత్రం రైళ్లలో ఒకదాంట్లో బాంబు పెట్టారు. ఏ రైలో ఆ డేటాబేస్‌లోనే ఉంది. దానికున్న పాస్‌వర్డ్ తాళం మనవాళ్లు విప్పుతారు," అన్నాడు చీఫ్, ఏజెంట్‌తో.

"లోపల మన మనిషి ఎవరు సార్?"

చీఫ్ తల దించుకున్నాడు. "మీ ఆవిడే."

శత్రుముఠా ఆమెను నమ్మాలని డిపార్ట్‌మెంటే ఇద్దరికీ విడాకులిప్పించింది. ఏ ముఠాలోకి పంపారో మాత్రం అతనికి చెప్పలేదు. విడాకులు నాటకమే. కోర్టు మెట్ల మీద ఏజెంట్ ఏడ్చిన ఏడుపు మాత్రం అసలుదే.

మధ్యాహ్నం ఏసీ మెకానిక్ వేషంలో ముఠా ఆఫీసు మెట్లెక్కాడు. భుజాన గ్యాస్ సిలిండర్, దాని అడుగున హార్డ్ డిస్క్. సర్వర్ రూము తలుపు తీసింది ఆమె. ఎర్రటి లిప్‌స్టిక్, మెడలో సిస్టమ్ అడ్మిన్ బ్యాడ్జి.

"చల్లదనం చాలట్లేదు," కోడ్ చెప్పింది.

"గ్యాస్ తగ్గింది మేడమ్."

తలుపు మూసి అతని ముఖం చూసింది. "చిక్కిపోయావు. తింటున్నావా అసలు?"

"ఒక్కడికే వండుకోబుద్ధి కాదు."

కేబుల్ తగిలించారు. కాపీ పూర్తయింది. అతను కేబుల్ పీకబోతే చెయ్యి పట్టుకుంది.

"ఆగు. మనం కాపీ చేస్తున్నంతసేపూ డేటాబేస్ మారుతూనే ఉంది. సగం పాతది, సగం కొత్తది వచ్చింది. అక్కడికెళ్లాక తెరుచుకోదు."

"మరెలా?"

"దాన్ని ఆపి రెండో విడత లాగాలి. మారినవే వస్తాయి, చిటికెలో పని. కాకపోతే ఆపగానే నా పేరుతో అలారం మోగుతుంది."

"వద్దు. వేరే దారి చూద్దాం."

"అంత టైముంటే నీతో కాపురమే చేసుకునేదాన్ని కదా!"

ఎంటర్ నొక్కింది. అలారం గీపెట్టింది. రెండో విడత ముగిసింది. ఆమే సిలిండర్ అతని భుజానికెత్తి వెనక తలుపులోంచి బయటికి నెట్టింది.

"మెకానిక్‌వి. పరిగెత్తకు, నడువు."

లోపలినుంచి గడియ పడింది. అతను మెట్లు దిగుతుండగా తుపాకీ పేలింది. అయినా వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆమె చేసినదంతా బూడిదలో పోసినట్టే. మెకానిక్‌లాగే నడుచుకుంటూ గేటు దాటాడు.

సాయంత్రం డేటాబేస్ తెరుచుకుంది. గార్డు విజిల్ ఊదబోతుండగా చివరి బోగీలో సీటు కిందనుంచి బాంబు తీశారు. రైలు లేటయిందని ప్రయాణికులు విసుక్కున్నారు.

చీఫ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "కొన్నాళ్లు సెలవు పెట్టుకోవయ్యా."

"కారణం ఏమని రాయను సార్? ఆమె నాకేమీ కాదని స్టాంపు వేయించింది మీరే కదా."